బ్రౌజర్‌లో వీడియో ప్లే కాకపోతే: ఏ దారి ఎంచుకోవాలి, ఏది తర్వాత చూడాలి

వీడియో ఆగిపోయిందని ఎవరికి చెప్పినా మొదట వచ్చే సలహా "కాషె క్లియర్ చెయ్", అంటే బ్రౌజర్ దాచుకున్న తాత్కాలిక ఫైళ్లు తుడిచెయ్ అని. ఏ నొప్పికైనా పారాసిటమాల్ చేతిలో పెట్టినట్టు. ఒక్కోసారి పనిచేస్తుంది కూడా. కానీ కాషెతో పాటు, సైట్లు మిమ్మల్ని గుర్తుపట్టడానికి దాచుకునే కుకీలనూ తుడిచేస్తే పది సైట్లలో మళ్లీ లాగిన్ కావాలి, ఓటీపీల కోసం ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. తీరా చూస్తే తప్పు, గ్రాఫిక్స్ చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ అయిన గ్రాఫిక్స్ డ్రైవర్‌ది అయి ఉంటుంది.

వీడియో మీ తెర మీదికి రావాలంటే నాలుగు చోట్ల అడ్డు లేకుండా దాటాలి. నెట్ నుంచి డేటా సమయానికి రావాలి. బ్రౌజర్‌లో అదనంగా చేర్చుకున్న చిన్న ప్రోగ్రాములు, అంటే ఎక్స్‌టెన్షన్లు, అనుమతులు దాన్ని ఆపకూడదు. ఆ డేటాను విప్పి బొమ్మగా మార్చే డీకోడర్ ఉండాలి. ఓటీటీ సినిమా అయితే, కాపీ కాకుండా వేసిన తాళం తీసే డీఆర్ఎం కూడా పనిచేయాలి. ఎక్కడ ఆగిందో తెలిస్తే మందు ఎంచుకోవడం సులువు. తెలియకుండా చేసే ప్రతి మార్పూ ఇంకో కొత్త సమస్యకు దారి తీయొచ్చు.

ముందు ప్రైవేట్ విండో, తర్వాతే తుడుపు

క్రోమ్‌లో, ఎడ్జ్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎన్ కలిపి నొక్కండి. ఫైర్‌ఫాక్స్‌లో ఎన్ బదులు పి. తెరుచుకున్న ప్రైవేట్ విండోలో మామూలుగా ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు, పాత కుకీలు ఉండవు. అదే వీడియో అక్కడ చక్కగా వస్తే నెట్, డీకోడర్ బాగున్నట్టే. తప్పు ఎక్స్‌టెన్షన్‌దో ఆ సైట్ దాచుకున్న పాత డేటాదో అవుతుంది. అప్పుడు కూడా బ్రౌజర్ మొత్తం తుడవక్కర్లేదు. అడ్రస్ పట్టీకి ఎడమవైపున్న గుర్తు నొక్కి, కుకీలు, సైట్ డేటా అన్న చోటికి వెళ్లి ఆ ఒక్క సైట్‌వి తీసేయండి. మిగతా లాగిన్లన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి.

డేటా తీసినా మారకపోతే ఎక్స్‌టెన్షన్ల వైపు చూడాలి. అనుమానం మొదట యాడ్ బ్లాకర్ మీదే. దాన్ని తీసేయడం కన్నా ఆ సైట్‌కి మాత్రమే ఆపడం మేలు. రెండు యాడ్ బ్లాకర్లు కలిపి వాడేవాళ్లు చాలామంది ఉన్నారు. రెండూ ఒకే ప్లేయర్ స్క్రిప్ట్ మీద చేయి వేసి, ప్లే బటన్ నొక్కినా కదలని నల్ల పెట్టెను మిగులుస్తాయి. ఒకటే ఉంచుకోండి, దాని ఫిల్టర్ జాబితాలను అప్‌డేట్ చేయండి.

ఫైర్‌ఫాక్స్‌లో హెల్ప్ మెనూ కింద ట్రబుల్‌షూట్ మోడ్ కూడా ఉంది. ఇక్కడొక మెలిక గుర్తుంచుకోవాలి. ఈ మోడ్ ఎక్స్‌టెన్షన్లతో పాటు హార్డ్‌వేర్ యాక్సిలరేషన్‌నూ (వీడియో పనిని గ్రాఫిక్స్ చిప్‌కి అప్పగించే సెట్టింగ్) ఆపేస్తుంది. అందులో వీడియో బాగా వచ్చిందంటే నేరస్థుడు ఎక్స్‌టెన్షనే అని తేల్చకూడదు, గ్రాఫిక్స్ వైపు కూడా చూడాలి. అందుకే ఎక్స్‌టెన్షన్ల పరీక్షకు ప్రైవేట్ విండోనే నమ్మదగ్గది.

ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే, మెనూ అడుగున "మీ సంస్థ నిర్వహిస్తోంది" అన్న అర్థం వచ్చే వాక్యం ఉందేమో చూడండి. ఉంటే కొన్ని ఎక్స్‌టెన్షన్లు, అడ్డంకులు కంపెనీ పెట్టినవి, మీ చేతిలో లేవు. ఆ మెషిన్‌తో కుస్తీ పట్టడం కన్నా ఫోన్‌లో చూసుకోవడమే సుఖం.

ఆగి ఆగి వస్తోంది: నెట్ తప్పా, కంప్యూటర్ తప్పా?

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. వీడియో తడబడగానే ఇంటర్నెట్ కంపెనీని తిట్టి ప్లాన్ పెంచుకుంటారు. తప్పు ఎక్కడుందో యూట్యూబ్ తానే చెబుతుంది. ప్లే అవుతున్న వీడియో మీద రైట్ క్లిక్ చేసి "స్టాట్స్ ఫర్ నెర్డ్స్" ఎంచుకోండి. మూలన ఒక చిన్న నల్ల పెట్టె తెరుచుకుంటుంది. అందులో మూడు వరుసలు చదివితే చాలు.

మొదటిది బఫర్ హెల్త్. ముందుగా దిగి సిద్ధంగా ఉన్న వీడియో ఎన్ని సెకన్లో చెబుతుంది. వీడియో ఆగే క్షణానికి ఇది సున్నాకి పడిపోతుంటే నెట్ తప్పు. ఇరవై, ముప్పై సెకన్లు నిల్వ ఉండి కూడా బొమ్మ తడబడుతుంటే నెట్‌కి ఏ పాపం తెలియదు. రెండోది ఫ్రేములు: మొత్తం ఎన్నింటిలో ఎన్ని వదిలేశారో (డ్రాప్డ్) ఉంటుంది. మొదలైనప్పుడో ఫుల్ స్క్రీన్ చేసినప్పుడో నాలుగైదు పోవడం మామూలే. చూస్తుండగానే ఆ అంకె పెరుగుతూ పోతే కంప్యూటర్ వీడియోను విప్పలేకపోతోందని అర్థం. మూడోది కోడెక్, అంటే వీడియోను కుదించి పంపిన పద్ధతి: "ఏవీసీ1" అని మొదలైతే హెచ్.264, "వీపీ09" అయితే వీపీ9, "ఏవీ01" అయితే ఏవీ1.

ఈ మూడో వరుస ఎందుకంటే, కోడెక్ ఎంత కొత్తదైతే అంత తక్కువ డేటాలో అదే నాణ్యత ఇస్తుంది. కానీ దాన్ని విప్పడం బరువైన పని. ఆ పనికి గ్రాఫిక్స్ చిప్‌లో ప్రత్యేకమైన భాగం ఉంటే తేలిగ్గా అయిపోతుంది, లేకపోతే భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. హెచ్.264ను ఇప్పటికీ నడుస్తున్న దాదాపు ప్రతి కంప్యూటరూ చిప్‌తోనే విప్పుతుంది. వీపీ9కి ఇంటెల్‌లో 7వ తరం నుంచి పూర్తి హార్డ్‌వేర్ తోడ్పాటు ఉంది. ఏవీ1కి 11వ తరం కావాలి. ఎన్విడియాలో ఆర్‌టీఎక్స్ 30 సిరీస్ నుంచి, ఆపిల్‌లో ఎం3 చిప్ నుంచి ఏవీ1 వచ్చింది. మీది ఏ తరమో ప్రాసెసర్ పేరులోనే ఉంటుంది: ఐ5-4210యు అంటే 4వ తరం, ఐ5-8250యు అంటే 8వ తరం, ఐ5-1135జీ7 అంటే 11వ తరం.

అనుమానం తీరకపోతే విండోస్ టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో జీపీయూ చూడండి. వీడియో నడుస్తుండగా "వీడియో డీకోడ్" గ్రాఫ్ కదులుతుంటే చిప్ పనిచేస్తోంది. ఏఎండీ గ్రాఫిక్స్ ఉన్న మెషిన్లలో దీని పేరు "వీడియో కోడెక్" అని కనిపిస్తుంది. అది సున్నా దగ్గర పడుకుని, సీపీయూ మాత్రం 90 శాతం దాటి, ఫ్యాన్ హోరెత్తుతుంటే విషయం తేలినట్టే.

తప్పు కంప్యూటర్‌దని తేలాక మీ ముందు మూడు దారులుంటాయి.

నాణ్యత తగ్గించుకోవడం ఒకటి. ఖర్చు లేదు, ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. 1080పి నుంచి 720పికి దిగితే పిక్సెళ్లు సగానికన్నా తగ్గిపోతాయి. పద్నాలుగు అంగుళాల తెర మీద ఆ తేడా పెద్దగా కనబడదు. పక్కన 60 అని ఉన్న నాణ్యత, అంటే 720పి60 లాంటిది, పాత మెషిన్‌కు వద్దు. సెకనుకు ఫ్రేములు రెట్టింపు కాబట్టి ఆ పని కూడా రెట్టింపవుతుంది.

రెండోది, హెచ్264ఇఫై లాంటి ఎక్స్‌టెన్షన్ పెట్టి యూట్యూబ్‌ను హెచ్.264 మాత్రమే పంపేలా చేయడం. 4వ, 5వ తరం ల్యాప్‌టాప్‌లకు ఇది మంచి దారి, 1080పి కూడా హాయిగా నడుస్తుంది. దీనికి మూల్యం రెండు రకాలు. 1080పి దాటి ఏదీ రాదు. అదే నాణ్యతకు డేటా ఎక్కువ ఖర్చవుతుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద రోజువారీ డేటా పరిమితితో నడిపేవాళ్లు ఈ దారి పట్టకుండా 480పితో సరిపెట్టుకోవడం మంచిది. కంప్యూటర్ 7 నుంచి 10వ తరం మధ్యదైతే ఎక్స్‌టెన్షన్ అక్కర్లేదు. యూట్యూబ్ ఖాతా సెట్టింగ్స్‌లో "ప్లేబ్యాక్ అండ్ పెర్ఫార్మెన్స్" కింద ఏవీ1 గురించిన ఎంపిక ఉంటుంది. ఎప్పుడూ ఏవీ1 కావాలన్నది ఎంచుకుని ఉంటే ఆటోకు మార్చండి.

మూడోది కొత్త కంప్యూటర్. యూట్యూబ్ తడబడుతోందన్న ఒక్క కారణానికి కొనడం దండగ.

నెట్ తప్పే అయితే ముందు అంకెలు సరిచూసుకోండి. యూట్యూబ్ చెప్పే లెక్క ప్రకారం 720పికి సెకనుకు 2.5 మెగాబిట్లు, 1080పికి 5, 4కెకి 20 కావాలి. వంద మెగాబిట్ల ఫైబర్ తీసుకుని 1080పి ఆగుతోందంటే తప్పు రూటర్‌కీ మీకూ మధ్య ఉన్న గోడల్లో ఉంది, ప్లాన్‌లో కాదు. అపార్ట్‌మెంట్లలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ చుట్టుపక్కల ఫ్లాట్ల వైఫైలతో కిక్కిరిసి ఉంటుంది. ఒకే గదిలో ఉంటే 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్‌కి మారండి. రెండు గోడల అవతల ఉంటే 5 బలహీనపడుతుంది. అప్పుడు ల్యాన్ కేబుల్‌ను మించింది లేదు. వీపీఎన్ ఆన్‌లో మరిచిపోయారేమో కూడా చూసుకోండి.

హార్డ్‌వేర్ యాక్సిలరేషన్: ఆపడం మంచిదా, ఉంచడం మంచిదా?

ఆపి చూడండి, కానీ ఆపేసి వదిలేయకండి. తెర ఆకుపచ్చగా మారడం, బొమ్మ చతురస్రాలుగా విరగడం, శబ్దం వస్తూ బొమ్మ నల్లబడటం, ఫుల్ స్క్రీన్‌లో మిణుకుమనడం... ఇవన్నీ గ్రాఫిక్స్ డ్రైవర్ లక్షణాలు. క్రోమ్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, "యూజ్ గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ వెన్ అవైలబుల్" ఆపి రీలాంచ్ నొక్కండి. ఫైర్‌ఫాక్స్‌లో జనరల్ పేజీలో పెర్ఫార్మెన్స్ దగ్గర సిఫార్సు చేసిన సెట్టింగ్ టిక్ తీస్తే దాని కింద ఇది కనబడుతుంది. ఆపగానే బొమ్మ బాగుపడితే రోగం తెలిసింది, అంతే. నయం కాలేదు. ఇక నుంచి ప్రతి వీడియోనూ ప్రాసెసరే విప్పాలి. బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకోలేనంతగా వేడెక్కుతుంది. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచో, ఇంటెల్, ఎన్విడియా, ఏఎండీ సైట్ల నుంచో కొత్త డ్రైవర్ వేసి, మళ్లీ ఆన్ చేసి చూడండి. పాత మెషిన్‌కు కొత్త డ్రైవర్లు రావడం ఆగిపోయి ఉంటేనే ఈ సెట్టింగ్‌ను శాశ్వతంగా ఆపి ఉంచాలి.

క్రోమ్ ఏ డీకోడర్ వాడుతోందో కచ్చితంగా తెలియాలంటే ఎఫ్12 నొక్కి, మూడు చుక్కల మెనూలోని మోర్ టూల్స్‌లో "మీడియా" ప్యానెల్ తెరవండి. హార్డ్‌వేర్ డీకోడర్ అన్న చోట ట్రూ అనో ఫాల్స్ అనో రాసి ఉంటుంది.

యూట్యూబ్ వస్తోంది, సినిమా రావట్లేదు

ఈ లక్షణం చెప్పేది దాదాపు ఎప్పుడూ డీఆర్ఎం గురించే. ఓటీటీ సినిమా తాళం వేసి వస్తుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో ఆ తాళం తీసేది గూగుల్ వారి వైడ్‌వైన్. ఎడ్జ్‌లో దానితో పాటు మైక్రోసాఫ్ట్ ప్లేరెడీ ఉంటుంది, సఫారీలో ఆపిల్ ఫెయిర్‌ప్లే. బ్రౌజర్‌ని బట్టి ఎంపిక నిజంగా మారేది ఇక్కడే.

క్రోమ్‌లో వైడ్‌వైన్ మొదటి నుంచీ ఉంటుంది. అది పాతబడితే సైట్ ఎర్రర్ ఇస్తుంది. అడ్రస్ పట్టీలో క్రోమ్ అని, కోలన్, రెండు స్లాష్‌ల తర్వాత కాంపొనెంట్స్ అని ఆంగ్లంలో టైప్ చేసి, వైడ్‌వైన్ వరుసలో చెక్ ఫర్ అప్‌డేట్ నొక్కి, బ్రౌజర్‌ను పూర్తిగా మూసి తెరవండి. ఫైర్‌ఫాక్స్‌లో సెట్టింగ్స్, జనరల్‌లో డీఆర్ఎం కంటెంట్ ప్లే చేయమనే టిక్ ఉండాలి. అది తీసేస్తే యూట్యూబ్ మామూలుగా నడుస్తుంది, ఓటీటీ మొరాయిస్తుంది. బ్రేవ్ ముందుగా అనుమతి అడుగుతుంది. తొందరలో వద్దని నొక్కినవాళ్లే తర్వాత బ్రేవ్ పనికిరాదంటారు. క్రోమియం అన్న ఓపెన్ సోర్స్ బ్రౌజర్‌లో మామూలుగా వైడ్‌వైన్ ఉండదు, కొన్ని కూర్పుల్లో హెచ్.264 కూడా ఉండదు. లినక్స్ మీద సినిమాలు చూడాలంటే క్రోమియం వదిలి క్రోమ్‌నో ఫైర్‌ఫాక్స్‌నో పెట్టుకోండి. ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్న లినక్స్ మెషిన్ అయితే ఫైర్‌ఫాక్స్ వైపు మొగ్గొచ్చు. 115వ వెర్షన్ నుంచి దానిలో హార్డ్‌వేర్ డీకోడింగ్ ముందే ఆన్ అయి ఉంటుంది.

నెట్‌ఫ్లిక్స్‌లో 4కె కావాలంటే విండోస్‌లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ పనికిరావు, ఎడ్జ్ కావాలి. దానితో పాటు ఇంటెల్ ప్రాసెసర్ అయితే 7వ తరం లేదా ఆపైది, మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి హెచ్ఈవీసీ అనే కోడెక్‌ను విప్పే ఎక్స్‌టెన్షన్, హెచ్‌డీసీపీ 2.2 (తెరకు వెళ్లే దారిలో కాపీ కాకుండా కాపాడే రక్షణ) ఉన్న 4కె తెర, 15 మెగాబిట్ల నెట్, ప్రీమియం ప్లాన్ కూడా కావాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా చెప్పాపెట్టకుండా నాణ్యత తగ్గిపోతుంది. ఇంత తంటా పడటం కన్నా 4కె టీవీలోని యాప్‌లో చూసుకోవడం తేలిక. విండోస్ నెట్‌ఫ్లిక్స్ యాప్ మీద ఆశ పెట్టుకోకండి. 2024లో దాన్ని వెబ్ ఆధారిత యాప్‌గా మార్చేశారు, డౌన్‌లోడ్ సదుపాయం పోయింది.

ల్యాప్‌టాప్ తెర మీద వచ్చిన సినిమా బయటి మానిటర్‌లోనో ప్రొజెక్టర్‌లోనో నల్లగా వస్తే బ్రౌజర్‌ని కదపకండి. హెచ్‌డీసీపీ రక్షణ ఆ దారిలో తెగింది. పాత వీజీఏ కన్వర్టర్లు, చౌక స్ప్లిటర్లు దీన్ని తెంపేస్తాయి. నేరుగా హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టి చూడండి. జూమ్‌లో, మీట్‌లో స్క్రీన్ షేర్ చేసినప్పుడు సినిమా నల్లగా కనబడటానికి కారణమూ డీఆర్ఎమ్మే. దానికి రిపేరు లేదు, అలా ఉండాలనే చేశారు.

ఫోన్ బ్రౌజర్, యాప్‌ల సంగతి: ఆండ్రాయిడ్‌లో వైడ్‌వైన్‌కి ఎల్1, ఎల్3 అని స్థాయిలుంటాయి. ఎల్1లో తాళం తీసే పని చిప్‌లోని సురక్షిత భాగంలో జరుగుతుంది, ఎల్3లో సాఫ్ట్‌వేర్‌తోనే. ఎల్3 ఉన్న ఫోన్‌లో చాలా ఓటీటీలు 480పి దాటనివ్వవు. నాణ్యత పెరగడం లేదని యాప్ తీసేసి మళ్లీ వేయడం వృథా శ్రమ. బూట్‌లోడర్ అన్‌లాక్ చేస్తే, అంటే ఫోన్‌లో వేరే సిస్టమ్ వేసుకునేలా కంపెనీ తాళం తీసేస్తే, చాలా ఫోన్లు ఎల్1 నుంచి ఎల్3కి పడిపోతాయి.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు ఒక్క మాట. "మీ ప్రాంతంలో అందుబాటులో లేదు" అని వస్తే అది హక్కుల సమస్య. బ్రౌజర్ మార్చినా, డీఎన్ఎస్ మార్చినా ఒరిగేది ఏమీ లేదు. ఇక్కడి ప్లాన్ అక్కడ చెల్లుతుందో లేదో సినిమాను బట్టి కూడా మారుతుంది. అక్కడి ప్లాన్ తీసుకోవడమే తలనొప్పి లేని దారి.

బొమ్మ ఉంది, శబ్దం లేదు. శబ్దం ఉంది, బొమ్మ లేదు

శబ్దం లేకపోతే ముందు ట్యాబ్ మీద రైట్ క్లిక్ చేయండి. అన్‌మ్యూట్ సైట్ అని కనిపిస్తే ఎప్పుడో మీరే మ్యూట్ చేశారు. తర్వాత విండోస్ వాల్యూమ్ మిక్సర్‌లో బ్రౌజర్ వరుస, ఆపై హెచ్‌డీఎంఐ తగిలించినప్పుడు శబ్దం టీవీకి వెళ్లిపోయిందేమో చూడండి. పేజీ తెరవగానే శబ్దం లేకుండా మొదలయ్యే వీడియోలకు కారణం వేరు. క్రోమ్ 2018లో, ఫైర్‌ఫాక్స్ 2019లో శబ్దంతో తనంతట తాను మొదలయ్యే వీడియోలకు అడ్డుకట్ట వేశాయి. ఒక్కసారి క్లిక్ చేస్తే చాలు.

బ్లూటూత్ హెడ్‌సెట్‌లో పాట ఉన్నట్టుండి పాత ల్యాండ్‌లైన్ ఫోన్‌లా వినిపిస్తోందా? పక్క ట్యాబ్‌లో మీటింగ్ మైక్ పట్టుకుని ఉంటుంది. మైక్ వాడగానే హెడ్‌సెట్ హ్యాండ్స్‌ఫ్రీ మోడ్‌కి మారి నాణ్యత పడిపోతుంది. మీటింగ్ ట్యాబ్ మూసేయండి, లేదా మైక్‌గా ల్యాప్‌టాప్‌ది ఎంచుకోండి.

డ్రైవర్ బాగానే ఉండి, ఫోన్‌లో తీసిన ఫైలు మాత్రమే బొమ్మ లేకుండా శబ్దంతో వస్తే అది హెచ్ఈవీసీ ఫార్మాట్ కావచ్చు. క్రోమ్ 107 నుంచి, విండోస్ ఫైర్‌ఫాక్స్ 134 నుంచి హార్డ్‌వేర్ ఉంటే దాన్ని విప్పుతాయి, లేకపోతే లేదు. దీనికి తిరగబడ్డ లక్షణం, అంటే సినిమా ఫైలు బ్రౌజర్‌లో లాగి వదిలితే బొమ్మ వచ్చి శబ్దం రాకపోవడం, సాధారణంగా డాల్బీ ఏసీ3 ఆడియో వల్ల. ఈ రెండు ఫైళ్లకూ బ్రౌజర్‌తో పనిలేదు, వీఎల్‌సీ అనే ప్లేయర్‌లో తెరవండి.

టీవీకి పంపేటప్పుడు

బ్రౌజర్ మెనూ నుంచి ట్యాబ్‌ను క్యాస్ట్ చేయడం ఒకటి, ప్లేయర్‌లోని క్యాస్ట్ గుర్తు నొక్కడం ఇంకొకటి. చూడటానికి ఒకేలా ఉంటాయి కానీ పని పూర్తిగా వేరు. ట్యాబ్ క్యాస్ట్‌లో మీ ల్యాప్‌టాప్ వీడియోను విప్పి, మళ్లీ కట్టి, వైఫై మీద టీవీకి పంపుతుంది. పాత మెషిన్ దీనికి చతికిలబడుతుంది. ప్లేయర్ గుర్తు నొక్కితే టీవీకి చిరునామా మాత్రమే వెళ్తుంది. వీడియోను టీవీయే నెట్ నుంచి తెచ్చుకుంటుంది, మీరు ల్యాప్‌టాప్ మూసేసుకోవచ్చు. రెండోది ఉన్న చోట మొదటిది వాడకండి.

అన్నీ చూసినా కుదరకపోతే

బ్రౌజర్ అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ వేయడం చాలామంది పట్టే దారి, చాలాసార్లు పనికిరానిదీ అదే. డేటా కూడా తొలగించమని చెప్పకపోతే పాత ప్రొఫైల్ (మీ సెట్టింగ్‌లు, ఎక్స్‌టెన్షన్లు దాచి ఉండే చోటు) అలాగే ఉండి, దాంతో పాటు పాత రోగమూ తిరిగి వస్తుంది. అంతకన్నా కొత్త ప్రొఫైల్ ఒకటి తెరిచి అందులో వీడియో చూడండి, నిమిషం పని. అందులో బాగుంటే క్రోమ్‌లో రీసెట్ సెట్టింగ్స్ వాడండి. బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు ఉంటాయి, ఎక్స్‌టెన్షన్లు ఆగిపోతాయి. ఫైర్‌ఫాక్స్‌లో రిఫ్రెష్ అంటే ఎక్స్‌టెన్షన్లు పూర్తిగా పోతాయి. పాత డేటా మాత్రం డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్‌లో మిగులుతుంది. కొత్త ప్రొఫైల్‌లోనూ అదే సమస్య ఉంటే రీసెట్‌తో లాభం లేదు.

విండోస్ 7, 8.1 వాడేవాళ్లకు క్రోమ్ 109తోనే ఆగిపోయింది, ఫైర్‌ఫాక్స్‌లో 115 ఈఎస్ఆర్ (ఎక్కువకాలం మద్దతు ఇచ్చే కూర్పు) చివరిది. యూట్యూబ్‌కి ఇవి ఇంకా సరిపోవచ్చు, ఓటీటీలకు వీటిని నమ్ముకోలేం. ఆ మెషిన్ మీద లినక్స్ వేయడమా, టీవీకి స్ట్రీమింగ్ స్టిక్ కొనడమా అంటే, సినిమాల కోసమే అయితే స్టిక్. మెషిన్‌తో వేరే పని కూడా ఉంటే లినక్స్.

పాత డెస్క్‌టాప్‌లో ప్రతి సైటూ సర్టిఫికెట్ ఎర్రర్ ఇస్తూ, యూట్యూబ్ కూడా తెరుచుకోకపోతే పైవన్నీ వదిలి టాస్క్‌బార్ చివర తేదీ చూడండి. సంవత్సరం ఎప్పటిదో చూపిస్తుంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయినట్టు. గడియారం సరిచేస్తే అప్పటికి నడుస్తుంది. రాత్రి ప్లగ్ తీసేసి పొద్దున మళ్లీ పెడితే తేదీ మళ్లీ వెనక్కి పోతుంది కాబట్టి, ఆ నాణెం బ్యాటరీ మార్చే వరకు సమస్య తీరదు.